జబ్బుపడ్డ పెన్‌డ్రైవ్‌కు డీడీ కన్నా డీడీరెస్క్యూ మేలు

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ నాన్నగారి డీటీపీ షాపులో ఏళ్ల తరబడి వాడుతున్న 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది. అందులోని రెండు పార్టిషన్లలో (విడివిడి భాగాలలో) మొదటిదానిలో శుభలేఖలు, కరపత్రాల పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నాయి, రెండోదానిలో షాపులోని పాత కంప్యూటర్ మొరాయించినప్పుడు బూట్ చేసుకొనే లినక్స్ ఉంది. ఈమధ్య ఆ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి కనిపించడం లేదు. ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్‌లో డీడీ అనే కాపీ ఆదేశంతో దానిని ఉన్నదున్నట్టుగా ఒక ఫైలుగా తీసుకోవడం ఎలా అని అడిగారు.

డీడీతో తీసుకోవచ్చు. కానీ మీ ప్రశ్నలో "ఒకసారి కనిపించడం లేదు" అన్న మాట లేకపోయి ఉంటే ఇచ్చే సమాధానం వేరు, అది ఉంది కనుక ఇచ్చే సమాధానం వేరు. ఆరోగ్యంగా ఉన్న పెన్‌డ్రైవ్‌కు డీడీ సరిపోతుంది. చదివేటప్పుడు తడబడే పెన్‌డ్రైవ్‌కు మాత్రం డీడీరెస్క్యూ అనే వేరే పనిముట్టు ఉంది, మీరు దానినే వాడాలని నా సలహా. రెండింటికీ ముందు జాగ్రత్తలు ఒకటే కాబట్టి వాటితో మొదలుపెడతాను. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మీరు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైపు చేయాలి, ఎక్కడైనా పెద్ద అక్షరం కావలసి వస్తే అక్కడే చెబుతాను.

ముందుగా పెన్‌డ్రైవ్‌ను యూఎస్‌బీ హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకు పెట్టి, ఇంకొక పోర్టులో కూడా ప్రయత్నించి చూడండి. కనిపించకుండా పోవడానికి లోపలి చిప్ చెడిపోవడమే కారణం కానక్కరలేదు. వదులైన పోర్టు, కరెంటు సరిగా అందించని హబ్ కూడా సరిగ్గా ఇదే లక్షణాన్ని చూపిస్తాయి. సుడో డీమెసేజ్ -డబ్ల్యూ అనే ఆదేశాన్ని (సుడో అంటే నిర్వాహకుడి హక్కులతో నడపడం; రెండో మాటకు డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అక్షరాలే టైపు చేయాలి) ఒక టెర్మినల్‌లో నడుపుతూ పెన్‌డ్రైవ్ పెడితే కెర్నెల్, అంటే లినక్స్ మూల భాగం, ఏమనుకుంటోందో వరుసగా కనిపిస్తుంది. పరికరం వచ్చింది, పోయింది అన్న వరుసలే పదేపదే వస్తుంటే పోర్టునో కనెక్టర్‌నో అనుమానించాలి. పరికరం మాయం కాకుండానే ఐ/ఓ ఎర్రర్ (చదవడంలో తప్పు) అన్న మాటతో పాటు సెక్టార్ సంఖ్య, అంటే మెమరీలోని ఒక చిన్న గడి సంఖ్య, కూడా కనబడితే మెమరీలోనే ఆ చోటు చదవరాకుండా పోయి ఉండవచ్చు.

తరువాతి పని పరికరం పేరు తెలుసుకోవడం, ఈ పనిలో జరిగే ఘోరాలన్నీ ఇక్కడే జరుగుతాయి. పెన్‌డ్రైవ్ పెట్టక ముందు ఒకసారి, పెట్టిన తరువాత ఒకసారి ఈ ఆదేశాన్ని నడిపి రెండు ఫలితాలను పోల్చండి:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,ట్రాన్,మోడల్,మౌంట్‌పాయింట్

ట్రాన్ అనే నిలువు వరుసలో యూఎస్‌బీ అని ఉన్నదే మీ పెన్‌డ్రైవ్. సైజు దగ్గర 16 కనిపించలేదని కంగారు పడకండి. తయారీదారులు 16 జీబీ అంటే 1,600 కోట్ల బైట్లు అని లెక్కిస్తారు, ఈ ఆదేశం 1,024 ను మూడుసార్లు గుణించిన ప్రమాణంతో లెక్కిస్తుంది, అందువల్ల 14.9 అనో దానికి కాస్త అటూ ఇటూగానో చూపిస్తుంది. పేరు ఎస్‌డీబీ అని వచ్చిందనుకుందాం. ఎస్‌డీబీ1, ఎస్‌డీబీ2 అన్నవి పార్టిషన్లు, అంకె లేని ఎస్‌డీబీ మొత్తం పరికరం. మీకు కావలసింది అంకె లేనిదే, ఎందుకంటే పార్టిషన్ పట్టిక, బూట్‌లోడర్ (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) మొదటి భాగం పరికరం మొదట్లోనే, మొదటి పార్టిషన్ కన్నా ముందే ఉంటాయి; ఒక్కొక్క పార్టిషన్‌ను విడిగా కాపీ చేస్తే ఫైళ్లన్నీ వస్తాయి కానీ ఆ లినక్స్ బూట్ కాదు.

ఎస్‌డీబీ అన్న పేరు శాశ్వతం కాదు. మీ పెన్‌డ్రైవ్ లాగా మధ్యలో మాయమై తిరిగి వచ్చేది మళ్లీ వచ్చేసరికి ఎస్‌డీసీ కావచ్చు, ఆ లోపల ఎస్‌డీబీ అన్న పేరు వేరొక డిస్కుకు దక్కవచ్చు. అందుకే /డెవ్/డిస్క్/బై-ఐడీ/ అన్న ఫోల్డరులో యూఎస్‌బీ అన్న మాటతో మొదలయ్యే పొడుగాటి పేరును వాడడం నాకు అలవాటైంది. అందులో తయారీదారు పేరు, సీరియల్ సంఖ్య కలిసి ఉంటాయి కనుక అది ఎన్నిసార్లు తీసి పెట్టినా మారదు. కింద చదవడానికి వీలుగా ఎస్‌డీబీ అనే రాస్తాను, మీరు ఆ పొడుగాటి పేరును చిన్న, పెద్ద అక్షరాలతో సహా ఉన్నదున్నట్టుగా పెట్టుకోండి.

ఇక మూడవ జాగ్రత్త, చాలామంది దాటవేసేది. ఉబుంటు డెస్క్‌టాప్ పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిని తనంతట తానే మౌంట్ చేస్తుంది, అంటే అందులోని ఫైళ్లను వాడకానికి తెరుస్తుంది. ఫ్యాట్32 (పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్ల అమరిక) పార్టిషన్‌ను రాయడానికి వీలుగా మౌంట్ చేసిన క్షణంలోనే కెర్నెల్ అందులో "వాడుకలో ఉంది" అన్న చిన్న గుర్తు రాస్తుంది. మీరు ఒక్క ఫైలు తెరవకపోయినా పెన్‌డ్రైవ్ మీద రాత జరిగినట్టే. రోగిష్టి పరికరం మీద ఒక్క రాత కూడా వద్దు కనుక దానిని పెట్టడానికి ముందే ఈ అలవాటును ఆపేయండి:

జీసెట్టింగ్స్ సెట్ ఆర్గ్.గ్నోమ్.డెస్క్‌టాప్.మీడియా-హ్యాండ్లింగ్ ఆటోమౌంట్ ఫాల్స్

ఆర్గ్ అంటే ఓ, ఆర్, జీ అనే మూడు అక్షరాలు. ఇప్పటికే మౌంట్ అయి ఉంటే ఫైల్స్ కిటికీలోని ఎజెక్ట్ గుర్తును నొక్కకండి, దానితో పరికరమే వెళ్లిపోతుంది; సుడో యూమౌంట్ అని రాసి (ఆ ఆదేశంలో అన్ ఉండదు, యూ తరువాత నేరుగా మౌంట్) రెండు పార్టిషన్లనూ విడివిడిగా దించండి. ఆపైన సుడో బ్లాక్‌డెవ్ --సెట్ఆర్ఓ /డెవ్/ఎస్‌డీబీ అంటే కెర్నెల్ ఆ పరికరాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. పెన్‌డ్రైవ్‌ను తీసి మళ్లీ పెడితే ఈ ఆంక్ష తొలగిపోతుంది, కాబట్టి ప్రతిసారీ మళ్లీ పెట్టుకోవాలి.

కాపీ వెళ్లే చోటు కూడా చూసుకోండి. ఇమేజ్ ఫైలు, అంటే పెన్‌డ్రైవ్ అంతటినీ కాపీ చేసిన ఫైలు, మొత్తం 16 జీబీ ఉంటుంది, అందులో ఫైళ్లు మూడు జీబీయే ఉన్నా సరే, ఎందుకంటే ఖాళీ చోటును కూడా యథాతథంగా తీసుకుంటాం. ఆ ఫైలును ఫ్యాట్32 తో ఫార్మాట్ చేసిన బయటి డిస్కులోకి పంపితే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది, ఆ ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలుకు అదే హద్దు. ల్యాప్‌టాప్ సొంత డిస్కులో 20 జీబీ ఖాళీ ఉంటే అక్కడికే తీసుకోండి, కుదింపు సంగతి తరువాత చూసుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ ఆరోగ్యంగా ఉంటే ఆదేశం ఇంతే:

సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ ఓఎఫ్=పెన్‌డ్రైవ్.ఐఎంజీ బీఎస్=4ఎం స్టేటస్=ప్రోగ్రెస్

ఇక్కడ 4 పక్కనున్న ఎం ఒక్కటి మాత్రం పెద్ద అక్షరం. ఐఎఫ్ అంటే ఎక్కడి నుంచి చదవాలి, ఓఎఫ్ అంటే ఎక్కడికి రాయాలి. మిగతా యూనిక్స్ ఆదేశాలకు లేని ఈ వింత వ్యాకరణం ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల జాబ్ కంట్రోల్ భాషలోని డీడీ అనే వాక్యం నుంచి వచ్చింది, పేరు కూడా అక్కడిదే. ఐఎఫ్, ఓఎఫ్ రెంటినీ తారుమారు చేస్తే డీడీ ఏమీ అడగదు, హెచ్చరించదు, చెప్పినట్టు చేసుకుపోతుంది. చాలా ఏళ్ల క్రితం ఒక రాత్రి వేళ నేను ఓఎఫ్ పక్కన ఒక్క అక్షరం తప్పు రాసి స్నేహితుడి బయటి డిస్కు మీద ఒక ఇన్‌స్టాలర్‌ను ఎక్కించాను. మూడు సెకన్లలో ఆపాను, కానీ ఆ మూడు సెకన్లలో పార్టిషన్ పట్టికా పోయింది, మొదటి ఫైల్ సిస్టమ్ ఆరంభమూ పోయింది. అప్పటి నుంచి డీడీ ఆదేశాన్ని టైపు చేశాక ఎంటర్ నొక్కకుండా చేతులు కీబోర్డు మీద నుంచి తీసి, ఓఎఫ్ దగ్గరి నుంచి వెనక్కి ఒకసారి చదువుతాను.

బీఎస్ అన్నది ఒక్కొక్క దఫాలో ఎంత చదవాలన్న లెక్క. ఏమీ చెప్పకపోతే డీడీ 512 బైట్ల చొప్పున చదువుతుంది, అది చెంచాతో బావి తోడినట్టు ఉంటుంది. సెకనుకు 20 ఎంబీ ఇచ్చే పెన్‌డ్రైవ్ అయితే మొత్తానికి 13 నిమిషాలు పడుతుంది. ముగిసిన తరువాత వచ్చే రికార్డ్స్ ఇన్ అన్న వరుసలో 3814+1 లాంటిది కనిపిస్తే భయపడకండి: 1,600 కోట్ల బైట్లలో నిండు దఫాలు 3,814, చివర మిగిలిన అరకొర ముక్క ఒకటి అని దాని అర్థం.

చదవలేని చోటు ఎదురైతే డీడీ అక్కడే ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా కాన్వ్=నోఎర్రర్,సింక్ అని చేర్చమన్న సలహా మీకు చాలా చోట్ల కనబడుతుంది. నేను ఆ సలహా ఇవ్వను. నోఎర్రర్ అంటే తప్పు వచ్చినా ముందుకు సాగడం, సింక్ అంటే తక్కువ పడిన దఫాను సున్నాలతో నింపడం. 4 ఎంబీ దఫాతో ఈ రెండూ వాడితే ఒక్క సెక్టారు చెడినందుకు దాని చుట్టూ ఉన్న మంచి సమాచారం కూడా సున్నాలైపోయే ప్రమాదం ఉంది. పైగా చివరి అరకొర ముక్కను కూడా సింక్ నిండు దఫాగా ఉబ్బిస్తుంది. మన లెక్కలో 16,00,00,00,000 బైట్లు ఉండవలసిన ఫైలు 16,00,12,69,760 బైట్లు అవుతుంది, ఇక చెక్‌సమ్‌లు (సమాచారం మారలేదని సరిచూసే సంఖ్యలు) ఎన్నటికీ కలవవు. సింక్ లేకుండా నోఎర్రర్ ఒక్కటే వాడితే అంతకన్నా అన్యాయం, చదవరాని ముక్క జారిపోయి దాని తరువాతి సమాచారమంతా ముందుకు జరుగుతుంది, ఫైల్ సిస్టమ్‌లోని చిరునామాలన్నీ తప్పుతాయి.

అందుకే డీడీరెస్క్యూ. ఉబుంటులో దాని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, ముందున్న ఆ జీ అక్షరాన్ని మరచిపోవద్దు. ఆ పేరుకు దగ్గరగా ఉన్న వేరొక పనిముట్టు కూడా ఉంది, దాని ఐచ్ఛికాలు వేరు. స్థాపించాక ఆదేశం పేరు మాత్రం డీడీరెస్క్యూయే. రెండు విడతలుగా నడపండి:

సుడో డీడీరెస్క్యూ -డీ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ పెన్‌డ్రైవ్.ఐఎంజీ పెన్‌డ్రైవ్.మ్యాప్

సుడో డీడీరెస్క్యూ -డీ -ఆర్3 /డెవ్/ఎస్‌డీబీ పెన్‌డ్రైవ్.ఐఎంజీ పెన్‌డ్రైవ్.మ్యాప్

మొదటి విడతలో అది సులభంగా వచ్చేదంతా వేగంగా తీసుకుంటుంది, మొండికేసిన చోట్లను గీకుతూ కూర్చోకుండా గుర్తు పెట్టుకొని దాటిపోతుంది. పరికరం ఏ క్షణాన చచ్చిపోతుందో తెలియనప్పుడు ఈ క్రమమే ప్రాణం: ముందు తొంభై తొమ్మిది పాళ్లు చేతిలో పడాలి, ఆ ఒక్క పాలు కోసం పోరాటం ఆ తరువాతే. రెండో విడతలో మిగిలిన చోట్లను సెక్టారు సెక్టారుగా ప్రయత్నించి, రానివాటిని మరో మూడుసార్లు అడుగుతుంది. -డీ అన్నది కెర్నెల్ తన దగ్గర దాచుకున్న పాత నకలును ఇవ్వకుండా నేరుగా పరికరాన్నే చదివించడానికి.

చివర రాసిన మ్యాప్ ఫైలే దీని ఆయువుపట్టు. ఏ చోటు వచ్చింది, ఏ చోటు రాలేదు అన్న లెక్కంతా అందులో ఉంటుంది కనుక, మధ్యలో పెన్‌డ్రైవ్ మాయమైనా, కరెంటు పోయినా, మళ్లీ అదే ఆదేశాన్ని అవే ఫైళ్ల పేర్లతో నడిపితే ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఇమేజ్‌ను, మ్యాప్‌ను ఎప్పుడూ విడదీయకండి. పరికరం మీదికి రాయమంటే ఈ పనిముట్టు -ఎఫ్ అని ప్రత్యేకంగా చెబితే తప్ప ఒప్పుకోదు.

పెన్‌డ్రైవ్ మరీ తడబడుతూ, అందులో ఈ వారం కస్టమరుకు ఇవ్వవలసిన ఫైళ్లు నాలుగో అయిదో ఉంటే మాత్రం, సిద్ధాంతం పక్కన పెట్టి ముందు వాటిని మామూలుగా కాపీ చేసుకోండి, అయితే పార్టిషన్‌ను ఆర్ఓ ఐచ్ఛికంతో, అంటే చదవడానికి మాత్రమే, మౌంట్ చేసి. ఆ తరువాత ఇమేజ్ మొదలుపెట్టండి.

సరిచూసుకోవడం విషయానికి వస్తే, ఆరోగ్యంగా ఉన్న పెన్‌డ్రైవ్ అయితే ఎస్‌హెచ్ఏ256సమ్ ఆదేశానికి పరికరాన్ని, ఇమేజ్‌ను రెండింటినీ ఇచ్చి వచ్చిన పొడవాటి సంఖ్యలు ఒకటేనా అని చూస్తాం. దానికి ముందు సుడో బ్లాక్‌డెవ్ --ఫ్లష్‌బఫ్స్ /డెవ్/ఎస్‌డీబీ నడపాలి, లేకపోతే మీరు పోల్చేది పెన్‌డ్రైవ్‌ను కాదు, ర్యామ్‌లో ఉన్న దాని జ్ఞాపకాన్ని. కొందరు ఇందుకోసం పెన్‌డ్రైవ్‌ను తీసి మళ్లీ పెడతారు; ఆటోమౌంట్ ఆపి ఉండకపోతే పైన చెప్పిన ఆ చిన్న గుర్తు రాసేయడంతో సంఖ్యలు కలవవు, కాపీ చెడిందనుకొని అనవసరంగా బాధపడతారు. మీ పెన్‌డ్రైవ్ విషయంలో ఈ పోలికే వద్దు, దాని చేత మొత్తం 16 జీబీని మరోసారి చదివించడం వృథా ప్రయాస. ఇమేజ్‌కు మాత్రం చెక్‌సమ్ తీసి పక్కన రాసి పెట్టుకోండి, రేపు దానిని వేరే డిస్కుకు కాపీ చేసినప్పుడు పనికొస్తుంది. ఇమేజ్‌ను ఇంకొక డిస్కులోకి నకలు తీసేవరకు లోపలికి తొంగి చూడకండి.

నకలు తీశాక ఇమేజ్‌ను ఇలా తెరవండి:

సుడో లాస్‌సెటప్ -ఆర్ -పీ -ఎఫ్ --షో నకలు.ఐఎంజీ

ఆదేశం పేరు ఎల్, ఓ అక్షరాల వెనుక సెటప్ అని. -పీ పెద్ద అక్షరం. జవాబుగా /డెవ్/లూప్27 లాంటి పేరు వస్తుంది. స్నాప్ ప్యాకేజీలు చిన్న సంఖ్యలను ముందే ఆక్రమించుకోవడం వల్ల ఉబుంటులో ఇంత పెద్ద అంకెలు వస్తాయి. పార్టిషన్లు లూప్27పీ1, లూప్27పీ2 అని ఉంటాయి. మొదటిదానిని మౌంట్ చేస్తూ -ఓ ఆర్ఓ,యూటీఎఫ్8 అని ఇవ్వండి. యూటీఎఫ్8 అన్న ఆ మాట తెలుగువాళ్లకు మరీ అవసరం, ఎందుకంటే ఫ్యాట్32 పొడవాటి ఫైలు పేర్లను యూనికోడ్‌లోనే దాచుకున్నా, టెర్మినల్ నుంచి చేత్తో మౌంట్ చేసినప్పుడు కొన్ని కెర్నెళ్లు వాటిని పాశ్చాత్య అక్షరమాలలోకి మార్చబోయి తెలుగు పేర్లన్నింటినీ ప్రశ్నార్థకాలుగా చూపిస్తాయి. చూసినవారు పెన్‌డ్రైవ్‌తో పాటు పేర్లూ పోయాయనుకుంటారు, నిజానికి ఏమీ పోలేదు. రెండో పార్టిషన్ ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) అయి, చివరిసారి సరిగా మూయకుండా పీకేసి ఉంటే, ఆర్ఓ,నోలోడ్ అని ఇస్తేనే తెరుచుకుంటుంది.

ఒక ముఖ్యమైన సంగతి, డిస్కు కాపీకి నేరుగా సంబంధం లేనిది: ఆ పేజ్‌మేకర్ ఫైళ్లు అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో) చేసినవైతే ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో కాక షాపు కంప్యూటర్‌లో ఉంటాయి. అవి లేకుండా ఫైళ్లు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల వరుసలే కనిపిస్తాయి. ఆ కంప్యూటర్‌లోని ఫాంట్ల ఫోల్డరును కూడా ఈ సందర్భంలోనే భద్రపరచుకోండి.

కొత్త పెన్‌డ్రైవ్‌లోకి తిరిగి ఎక్కించేటప్పుడు 16 జీబీది కాక 32 జీబీది కొనండి. అట్ట మీద 16 అని ఉన్న రెండు పెన్‌డ్రైవ్‌లలో అసలు బైట్ల సంఖ్య ఒకటిగా ఉండకపోవచ్చు. కొత్తది కాస్త చిన్నదైతే ఇమేజ్ చివరి భాగం పట్టదు. సందేహాస్పదమైన ధరకు దొరికినదైతే ముందుగా ఎఫ్3 అనే పనిముట్టుతో దాని నిజమైన సామర్థ్యాన్ని పరీక్షించండి. ఎక్కించే ఆదేశం ఇది, ఇందులో ఓఎఫ్ దగ్గర బై-ఐడీ పేరు తప్పనిసరి:

సుడో డీడీ ఐఎఫ్=నకలు.ఐఎంజీ ఓఎఫ్=/డెవ్/డిస్క్/బై-ఐడీ/కొత్తదాని-పేరు బీఎస్=4ఎం కాన్వ్=ఎఫ్‌సింక్ స్టేటస్=ప్రోగ్రెస్

మొదట్లో సెకనుకు వందల ఎంబీల వేగం చూపించి చివర నిమిషాల తరబడి నిలిచిపోతే పీకేయకండి. ముందు చూపిన వేగం ర్యామ్‌లోకి రాసినది, చివరి నిరీక్షణే అసలు రాత. ఎఫ్‌సింక్ పెట్టింది అది పూర్తయ్యేవరకు డీడీ ముగిసిందని చెప్పకుండా ఉండడానికే. పార్టిషన్ పట్టిక జీపీటీ అనే కొత్త రకమైతే దాని రెండో ప్రతి పరికరం చిట్టచివర ఉండాలి, పెద్ద పెన్‌డ్రైవ్‌లో అది మధ్యలో చిక్కుకుంటుంది. సుడో ఎస్‌జీడిస్క్ -ఈ తరువాత కొత్తదాని పేరు ఇచ్చి నడిపితే సరైన చోటికి జరుగుతుంది. పాతదీ కొత్తదీ ఒకే కంప్యూటర్‌కు ఒకేసారి పెట్టకండి, రెండింటి యూయూఐడీలు (పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు) అచ్చంగా ఒకటే కనుక ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం.

డీడీరెస్క్యూ చివరలో కొన్ని సెక్టార్లు రాలేదని తేలితే, అవి ఏ ఫైళ్లకు చెందినవో కనుక్కొనే ఉపాయం ఒకటి ఉంది. ఇమేజ్‌కూ, మ్యాప్‌కూ రెండింటికీ మరొక నకలు తీసి, పనంతా ఆ నకళ్ల మీదే చేయండి. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ఎక్కడా ఉండని మాట ఒకటి రాసి, రానిచోట్లన్నీ ఆ మాటతో నింపమని చెప్పాలి:

డీడీరెస్క్యూ --ఫిల్-మోడ్=- గుర్తు.టీఎక్స్‌టీ నకలు2.ఐఎంజీ నకలు2.మ్యాప్

ఆ మాట యూనికోడ్ తెలుగులో "చెడినచోటు" అని పెట్టినా పరవాలేదు, నిజానికి మీ విషయంలో అదే మంచిది. అను ఫాంట్లతో చేసిన ఫైళ్లలో పాఠం పాత పద్ధతి సంకేతాలతో ఉంటుంది కనుక యూనికోడ్ తెలుగు మాట వాటిలో కాకతాళీయంగా తగిలే అవకాశం లేదు. తరువాత ఆ ఇమేజ్‌ను పైన చెప్పినట్టు మౌంట్ చేసి, గ్రెప్ -ఆర్ఎల్ ఐచ్ఛికంతో ఆ మాట కోసం వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల పేర్ల పట్టిక వస్తుంది. ఏ పేరూ రాకపోతే చెడిన సెక్టార్లు ఖాళీ చోటులోనో, ఫోల్డర్ల లెక్కలు రాసుకొనే చోటులోనో పడ్డాయన్న మాట. ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి మొదటి పార్టిషన్ మీద ఎఫ్ఎస్‌సీకే.వీఫ్యాట్ -ఎన్ నడపండి, -ఎన్ ఉంటే అది దేనినీ మార్చకుండా చూసి చెబుతుంది. పేర్లు వస్తే ఆ పట్టికను నాన్నగారికి చూపించండి, వాటిలో మళ్లీ చేయవలసినవి ఏవో, కస్టమరు ఎప్పుడో తీసుకువెళ్లిపోయినవి ఏవో ఆయన చెప్పగలరు.